పెట్టె మీది అంకెలు, రోడ్డు మీది వెలుగు

వానలు మొదలయ్యేసరికి ఈ శీర్షికకు సైకిలు సామాను గురించిన ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చిన వాటిలో చాలా వరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: పెట్టె మీద అచ్చు వేసిన అంకెను ఎంతవరకు నమ్మాలి అని. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను రాత్రి పదిన్నరకు డ్యూటీ దిగి ఆరు కిలోమీటర్లు సైకిలు మీద ఇంటికి వెళ్తాను. అందులో రెండు కిలోమీటర్లు కాలువ గట్టు. అక్కడ వీధి దీపాలు లేవు. ఆన్‌లైన్‌లో 650 రూపాయలకు 10,000 ల్యూమెన్ల లైటు కొన్నాను. పూర్తి వెలుగులో రెండు గంటలు వస్తోంది. అయినా గోతులు సరిగా కనబడటం లేదు, పైగా ఎదురుగా వచ్చేవాళ్లు తిడుతున్నారు. ఇంకా పెద్ద లైటు కొనమంటారా?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: వద్దండి. ల్యూమెన్ అంటే లైటు అన్ని వైపులకూ కలిపి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత. మీ చేతిలో ఉన్నది 10,000 ల్యూమెన్ల లైటు కాదని మీరు రాసిన రెండు గంటల లెక్కే చెబుతోంది. ఇలాంటి లైట్లలో మామూలుగా ఉండేది 18650 రకం లిథియం సెల్లు ఒక్కటే; 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. ఎంత మంచి సెల్లయినా అందులో పట్టే శక్తి సుమారు 12 వాట్ అవర్లు, అంటే 12 వాట్లను ఒక గంట పాటు ఇవ్వగలదు. అది రెండు గంటలు వచ్చిందంటే మీ లైటు సగటున ఆరు వాట్లు వాడుతోందన్నమాట. సైకిలు లైటులో ఒక్కో వాటుకు వచ్చే వెలుగు దాదాపు వంద ల్యూమెన్లు కనుక, అంతా సవ్యంగా ఉన్నా మీది 600 దాటదు. సెల్లు నాసిదైతే, ఈ ధరలో సాధారణంగా నాసిదే ఉంటుంది, 300 దగ్గర ఆగుతుంది. నిజంగానే 10,000 ల్యూమెన్లు రావాలంటే వంద వాట్లు కావాలి; అప్పుడు ఆ సెల్లు ఏడు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరనే టంకాన్ని కరిగిస్తుంది, ఇక వంద వాట్లను బొటనవేలంత డబ్బాలో కుక్కితే దాన్ని ఎవరూ చేత్తో ముట్టుకోలేరు.

అయితే మీ అసలు ఇబ్బందికి కారణం వెలుగు తక్కువ కావడం కాదు. దీపాలు లేని గట్టు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషికి 300 ల్యూమెన్లు చక్కగా సరిపోతాయి, అవి రోడ్డు మీద పడితే. మీది టార్చి లాంటి గుండ్రటి కటకం అయి ఉంటుంది; దాని వెలుగులో సగం పైకి పోయి చెట్ల కొమ్మల మీదా, ఎదుటివాళ్ల కళ్లలోనూ పడుతుంది, మిగిలిన సగం ఒకచోట తెల్లటి మచ్చలా పడి, ఆ మచ్చ చుట్టూ ఉన్న చీకటిని మీ కంటికి మరింత చిక్కగా చేస్తుంది. జర్మనీలో సైకిలు లైటు ఎదుటివారి కళ్లలో కొట్టకూడదని రోడ్డు నిబంధనల్లోనే ఉంది. అందుకే అక్కడి లైట్ల వెలుగుకు కారు డిమ్ లైటులాగా పై అంచు కోసినట్టు ఉంటుంది, అక్కడివాళ్లు లైటును ల్యూమెన్లతో కాకుండా ఎదుట నిర్ణీత దూరంలో పడే వెలుగుతో, అంటే లక్స్‌తో కొలుస్తారు. పాత రోజుల్లో టైరుకు రాసుకుంటూ తిరిగే డైనమో మొత్తం ఇచ్చేది మూడు వాట్లే, అందులోనే వెనుక దీపం వాటా కూడా పోయేది. ఆ కాస్త వెలుగుతోనే మన పెద్దవాళ్లు పొలాల గట్ల మీద ఇళ్లకు చేరారు.

కాబట్టి కొత్తది కొనేముందు ఉన్నదాన్ని సరిచేసి చూడండి. సాయంత్రం చీకటి పడ్డాక గోడకు ఐదు మీటర్ల దూరంలో సైకిలు నిలబెట్టి, లైటు నేల నుంచి ఎంత ఎత్తున ఉందో గోడ మీద అంత ఎత్తున సుద్దతో గీత గీయండి. వెలుగులో ప్రకాశవంతమైన భాగం ఆ గీతకు బాగా కిందుగా పడేదాకా లైటును వంచండి. రోడ్డు మీదికి వెళ్లాక ఆ వెలుగు మధ్యభాగం మీకు పది మీటర్ల ముందు పడితే గోతులు కనబడతాయి, తిట్లూ ఆగుతాయి. అప్పటికీ చాలకపోతే పై అంచు కోసిన వెలుగు ఇచ్చే రకం వెతికి కొనండి; అంకె 400 ఉన్నా ఫరవాలేదు. ముందు దీపాన్ని మిణుకుమిణుకుమనే పద్ధతిలో మాత్రం వాడకండి. అది మీకు దారి చూపదు, ఎదుటివారికి మీ దూరం అంచనా వేయనివ్వదు. వెనుక ఎర్రదీపం తప్పనిసరి. దాని గురించి మీరు ఒక్క మాటా రాయలేదు కనుక లేదేమోనని నా అనుమానం.

వాన సంగతి కూడా చెప్పాలి. లైటు మీద ఐపీఎక్స్4 అని ఉంటే అన్ని వైపుల నుంచి పడే జల్లును తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట ఉండగలదు. మధ్యలో ఉన్న ఎక్స్ అక్షరం దుమ్ము పరీక్ష తాలూకు అంకె ఇవ్వలేదని చెబుతుంది, అంతే. రోజువారీ ప్రయాణానికి ఐపీఎక్స్4 చాలు, కానీ ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత బిగించి ఉన్నప్పుడే ఆ హామీ వర్తిస్తుంది. కిందటి ఏడాది నా లైటు ఒకటి మొదటి వానకే పోయింది. తప్పు తయారీదారుది కాదు, మూత వేయడం మరిచిన నాది.

ప్రశ్న: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొన్నాను. నా ఫోను బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. రెండుసార్లు నిండాలి కదా, ఒకటిన్నర సారికే అయిపోతోంది. దుకాణదారు మోసం చేశాడా?
(ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: చేయలేదమ్మా. ఆ 10,000 అనేది లోపలి సెల్లు కొలత, దాని వోల్టేజి 3.7. అది 37 వాట్ అవర్లకు సమానం. బయటికి వచ్చేది మాత్రం ఐదు వోల్టులతో, కాబట్టి అదే శక్తి 7,400 ఎంఏహెచ్‌గా మారుతుంది. వోల్టేజి పెంచడంలో పోయేది కూడా తీసేస్తే 6,300 నుంచి 6,600 మిగులుతుంది. ఫోను మళ్లీ తన బ్యాటరీలోకి ఎక్కించుకునేటప్పుడు కొంత వేడిగా పోగొడుతుంది. అన్నీ పోను ఒకటిన్నర సారి వచ్చిందంటే మీది నికార్సయిన సరుకే. వెనుక వైపు సన్నటి అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని వేరే అంకె ఉంటుంది, కొనేటప్పుడు చూడాల్సింది దాన్ని.

మోసం పట్టుకోవడానికి వంటింటి తూకం పనికొస్తుంది. నిజమైన 10,000 పవర్ బ్యాంకు 200 గ్రాములకు అటూ ఇటూగా, 20,000ది 350 గ్రాములకు పైన తూగుతుంది. 20,000 అని రాసి ఉన్నది అరచేతిలో దూదిలా తేలితే తిరిగి ఇచ్చేయండి. మన దేశంలో పవర్ బ్యాంకులకు బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, నమోదు తప్పనిసరి కనుక, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య దాని మీద ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. విమానంలో అయితే 100 వాట్ అవర్ల లోపుదాన్ని చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, లగేజీలో వేయకూడదు.

ప్రశ్న: కొత్తగా సన్నటి టైర్ల గేరు సైకిలు కొన్నాను. మా వీధి చివర పంక్చర్ షాపులో గాలి ఎక్కడం లేదు. పంపు చెడిపోయిందా, ట్యూబా?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి. మీది ప్రెస్టా అనే సన్న వాల్వు. షాపులోని పంపు మోటారు సైకిళ్ల లావు వాల్వుకు తగినది. సైకిలు సామాను అమ్మే చోట ఇత్తడి అడాప్టరు కొద్ది రూపాయలకు దొరుకుతుంది. వాల్వు కొసన ఉన్న బుల్లి మరను పూర్తిగా వదులు చేసి, ఒకసారి నొక్కి గాలి బుస్సుమనిపించి, ఆ తర్వాత అడాప్టరు బిగించండి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. బడికి, ట్యూషనుకు సైకిలు మీద వెళ్తుంది. ఇంట్లో స్కూటరు హెల్మెట్ ఉంది కదా, మళ్లీ ఇంకొకటి ఎందుకని మావారు అంటున్నారు. ఒకవేళ కొంటే రెండు మూడేళ్లు వచ్చేలా పెద్ద సైజు తీసుకోవచ్చా?
(ఒక గృహిణి, గుంటూరు)

జవాబు: మీవారి మాటలో పొదుపు ఉంది కానీ, గుంటూరు ఎండలో కిలోకు పైగా బరువుండే మూత హెల్మెట్ పెట్టుకుని ఏ పిల్లా సైకిలు తొక్కదు; వీధి మలుపు తిరగగానే అది హ్యాండిల్‌కు వేలాడుతుంది. స్కూటరు హెల్మెట్లు ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం మోటారు వాహనాల వేగాలకు తగినట్టు చేసినవి. సైకిలు హెల్మెట్ 300 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, గాలి ఆడే రంధ్రాలు ఉంటాయి. దాని లోపల ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 అని గానీ, అమెరికా ప్రమాణం సీపీఎస్సీ అని గానీ రాసి ఉన్న చీటీ చూసి కొనండి.

బడి యూనిఫాంలా పెద్ద సైజు కొనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వదులు హెల్మెట్ పడిన క్షణంలో వెనక్కి జారి, కాపాడాల్సిన నుదుటినే వదిలేస్తుంది. కనుబొమల పైన రెండు వేళ్ల వెడల్పు కన్నా ఎక్కువ నుదురు కనబడకూడదు, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. వెనుక తిప్పే మర ఉన్న రకమైతే కొంత ఎదుగుదలకు అదే సర్దుకుంటుంది. దుకాణానికి వెళ్లే రోజున అమ్మాయికి రోజూ వేసే జడే వేసి తీసుకెళ్లండి. కొప్పు మీదో, ఎత్తుగా కట్టిన రెండు జడల మీదో హెల్మెట్ కుదురుగా కూర్చోదు కాబట్టి జడ మెడ దగ్గర నుంచి మొదలైతే మంచిది. తలనూనెకు లోపలి మెత్తలు పాడవకుండా వారానికోసారి వాటిని ఊడదీసి సబ్బు నీటితో ఉతకవచ్చు.

లోపల తెల్లగా కనబడేది టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ జాతిదే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తలకు చేరాల్సిన తాకిడిని తాను మింగుతుంది. ఆ పని ఒక్కసారే చేయగలదు. గట్టిగా పడిన తర్వాత పైకి గీత లేకపోయినా దాన్ని మార్చాల్సిందే. ఎవరో వాడినది చవకగా వస్తుందని తీసుకోకపోవడానికి కారణం ఇదే: అది ఎన్నిసార్లు కింద పడిందో మనకు తెలియదు.

ప్రశ్న: నలభై ఏళ్లుగా సైకిలు తొక్కుతున్నాను. చైనుకు పాత ఇంజిన్ ఆయిల్ వేసేవాణ్ని. కొత్త మెకానిక్ డబ్ల్యూడీ-40 స్ప్రే చాలంటున్నాడు. మా ఆవిడ కుట్టుమిషను నూనె అంటోంది. ఎవరి మాట వినాలి?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం)

జవాబు: మాస్టారూ, ముగ్గురిలో అమ్మగారి మాటే సత్యానికి దగ్గరగా ఉంది. డబ్ల్యూడీ అంటే నీటిని తొలగించేది అని. మామూలుగా దొరికే ఆ నీలం, పసుపు డబ్బా స్ప్రే తడిని, తుప్పును వదిలిస్తుంది, తర్వాత చాలా భాగం ఆవిరైపోతుంది. చైను శుభ్రం చేయడానికి వాడండి, కందెనగా దాన్నే నమ్ముకోకండి. పాత ఇంజిన్ ఆయిల్‌లో అరిగిన లోహపు రజను ఉంటుంది, దానికి మీ ఊరి దుమ్ము తోడైతే చైను లోపల గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కుట్టుమిషను నూనె శుభ్రమైనది, పలచనిది. వారం పది రోజులకోసారి వేయగలిగే ఓపిక ఉంటే పొడి వాతావరణంలో పనిచేస్తుంది. సైకిలు చైను కోసమే చేసిన పొడి రకం కందెన అంతకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికి గడ్డకడుతుంది, నిలవయ్యాక బంకలా మారుతుంది.

ఏది వేసినా ఒక్కో లింకు రోలరు మీద ఒక్క చుక్క, లోపలి వైపు నుంచి. పది నిమిషాలు ఆగి, పాత గుడ్డతో పైభాగమంతా పొడిగా తుడిచేయండి. నూనె పని లోపలే కానీ, పైన మిగిలింది దుమ్మును పిలుస్తుంది. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవారు కనుక ఇంకొకటి కూడా చూడండి. చైను లింకు పొడవు అర అంగుళం, అంటే 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు. ఉక్కు స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టి, చైనును బిగువుగా లాగి 24వ లింకు చివరి పిన్ను చూస్తే, అది 12 అంగుళాల గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోయిందంటే చైను అర శాతం సాగిందన్నమాట. గేర్ల సైకిలయితే అప్పుడే మార్చాలి, లేకపోతే పళ్ల చక్రాలు కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది. మీది గేర్లు లేని పాత బండి అయితే ఎనిమిదో వంతు దాకా ఓర్చుకోవచ్చు.

ప్రశ్న: అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ఆదివారాలు తొక్కుతున్నాను. గంట దాటేసరికి సీటు నొప్పి భరించలేకపోతున్నాను. జెల్ కవరు తెప్పించి వేశాను, మొదటి అరగంట హాయిగా ఉంది, తర్వాత తిమ్మిరి కూడా తోడైంది. ఇంకా మందమైన కవరు దొరుకుతుందా?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: దొరుకుతుంది, కానీ తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. సైకిలు మీద మన బరువును మోయాల్సినవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు జెల్‌లోకి దిగబడతాయి, వాటి మధ్య భాగం పైకి ఉబ్బి, నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తటి చోట ఒత్తుతుంది. మీరు రాసిన తిమ్మిరి అదే. పరుపు మీద కాసేపు కూర్చుంటే సుఖం, పూట గడిస్తే నడుం నొప్పి అన్నట్టే ఇది కూడా.

కవరు తీసేసి ముందు ఎత్తు సరిచూడండి. మనలో చాలామంది ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు బాగా కిందికి దించుకుంటారు. దాంతో కాళ్ల మీద పడాల్సిన బరువంతా సీటు మీదే పడుతుంది, మోకాళ్ల ముందు భాగం కూడా నొప్పి పెడుతుంది. గోడను ఆనుకుని సీటు మీద కూర్చుని, పెడలు అట్టడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది కనుక మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. నడుము ఇటూ అటూ ఊగుతుంటే ఎత్తు ఎక్కువైనట్టు. సీటు గొట్టం మీద గీసి ఉన్న కనీస హద్దు గీత బయటికి కనబడకూడదు. ఆ తర్వాత సీటును నేలకు సమాంతరంగా ఉంచి, తిమ్మిరి తగ్గకపోతే సీటు ముందు కొసను రవ్వంత కిందికి వంచండి. గంటకు పైగా తొక్కేవారికి మెత్త కుట్టిన నిక్కరు కవరు కన్నా మేలు. దాని లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు, ఆ కుట్లే ఒరుసుకుంటాయి.

ఇవన్నీ చేసి నాలుగు ఆదివారాలు తొక్కినా నొప్పి ఉంటే, అప్పుడు సీటు వెడల్పు మీకు సరిపోలేదని అనుకోవచ్చు. ఎముకల మధ్య దూరం కొలిచి సీటు ఇచ్చే దుకాణానికి వెళ్లండి. జెల్ కవరు వాపసు గడువు ఇంకా ఉంటే మాత్రం ఆ పని ఇవాళే చూసుకోండి.