వించ్ తాడుకు రూలు లేదట, మరి పోయిన వేళ్లకు?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయనకు 30 ఏళ్లు. మా ఊరి తండేలు (బోటు నడిపే పెద్ద)తో కలిసి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి వేట బోటులో కళాసీగా (బోటు పనివాడిగా) చేస్తున్నారు. జీతం నెలకు 14 వేలు. 2025 అక్టోబరులో వల లాగేటప్పుడు వించ్ (తాడును చుట్టి లాగే యంత్రం) డ్రమ్ము మీద ఇనపతాడును చేత్తో సర్దుతుంటే, తాడులో తెగి పైకి లేచిన తీగలు గ్లౌజుకు తగులుకుని చేతిని లోపలికి లాగేశాయి. కుడిచేతి రెండు వేళ్లు మొదలంటా పోయాయి. తాడు పాడైపోయిందని అంతకుముందే రెండుసార్లు తండేలుకు చెప్పారట. యజమాని ఆసుపత్రి ఖర్చులకని 40 వేలు ఇచ్చి, గుజరాతీలో రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే, "తాడు చెక్ చేయించాలని ఏ రూలూ లేదు, చెయ్యి పెట్టడం నీ మొగుడి తప్పు, పైగా పనిలో పెట్టుకుంది తండేలు, నేను కాదు" అంటున్నాడు. మాకు ఏమైనా వస్తుందా? కేసు వేయాలంటే గుజరాత్ వెళ్లాలా?

జవాబు: గుజరాత్ వెళ్లక్కర్లేదమ్మా. ముందు ఆ టెన్షన్ తీసేసుకోండి. ఉద్యోగుల పరిహార చట్టం 1923లోని 21వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటే కాదు, కార్మికుడు మామూలుగా నివాసం ఉండే చోట కూడా దరఖాస్తు వేయవచ్చు. అంటే శ్రీకాకుళంలోని కార్మిక శాఖ కార్యాలయంలో, పరిహార కమిషనరు ముందు. వెరావల్ వైపు కమిషనరుకు నోటీసు పంపడం, యజమానిని పిలిపించడం వాళ్ల పని. ప్రమాదం 2025 అక్టోబరుది కాబట్టి మీకు ఈ పాత చట్టమే వర్తిస్తుంది. 2025 నవంబరు 21 నుంచి జరిగిన వాటికి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి.

ఇక యజమాని మాటల సంగతి. మూడు మాటలన్నాడు. మొదటిదాంట్లో సగం నిజం ఉంది, దాన్ని దాచను. రేవులో ఓడ సరుకు ఎత్తే క్రేన్లకూ తాళ్లకూ గట్టి నిబంధనలున్నాయి. 1990 నాటి డాక్ కార్మికుల భద్రతా నిబంధనల ప్రకారం ఇనపతాడును మూడు నెలలకోసారి బాధ్యత గల మనిషి చూడాలి. ఒక్క తీగ తెగినట్టు కనబడితే ఆ తర్వాత నెలకోసారి చూడాలి. తాడు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో పదో వంతు కంటే ఎక్కువ తీగలు తెగి ఉంటే ఆ తాడు వాడకూడదు. మీవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, 12 మిల్లీమీటర్ల తాడులో ఆరు పాయలు, పాయకు 19 తీగలు, మొత్తం 114 ఉన్నాయనుకుందాం. ఇంచుమించు అరచేతి వెడల్పు మేర పన్నెండు తీగలు తెగాయంటే ఆ తాడు పని అయిపోయినట్టే. బ్రిటన్‌లో అయితే 2006 నుంచి వేట బోట్లకు కూడా ఈ రకం రూల్సు పెట్టారు. ఎత్తే సామగ్రిని ఏటా తెలిసినవాడు పరీక్షించాలి, అయిదేళ్లకోసారి బరువు వేసి చూడాలి. మన వేట బోట్ల వించ్‌లకు ఇలా ఏటా పరీక్ష, సర్టిఫికెట్ అనే పద్ధతి రాలేదు. లైసెన్సు చూస్తారు, రిజిస్ట్రేషన్ చూస్తారు, వేట నిషేధం రోజుల్లో బోటు కదిలితే పట్టుకుంటారు. డ్రమ్ము మీద తాడు తుప్పు పట్టిందా, డ్రమ్ముకు చెయ్యి పడకుండా కంచె ఉందా అని అడిగే నాథుడు లేడు. నిషేధం ఉన్నన్నాళ్లూ బోటుకు రంగు వేయిస్తారు గానీ, తాడు మీద ఒకసారి గుడ్డ పెట్టి జారించి చూడరు. తెగిన తీగ ఉంటే గుడ్డ అక్కడే తగులుకుంటుంది. ఆ గుడ్డ పని మీ ఆయన గ్లౌజు చేసింది.

అయితే మీ పరిహారానికి ఆ రూలు ఉండనక్కర్లేదు. యజమాని పట్టించుకోని విషయం ఇదే. 1923 చట్టం యజమాని తప్పు చేశాడా అని అడగదు. పనిలో ఉండగా, పని కారణంగా దెబ్బ తగిలిందా అనే అడుగుతుంది. కార్మికుడు అజాగ్రత్తగా ఉన్నా పరిహారం పోదు. తాగి ఉన్నా, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని మీరినా, రక్షణగా పెట్టినదాన్ని కావాలని తీసేసినా తప్ప. ఇక్కడ తీసేయడానికి డ్రమ్ముకు కంచే లేదు కదా! తాడును చేత్తో సర్దడం ఆ బోటులో రోజూ చేసే పని. కాబట్టి "చెయ్యి పెట్టడం తప్పు" అన్న వాదన నిలవదు.

ఈ చట్టం మీకు వర్తించదని చెప్పడానికి "వేట బోటు ఓడ కాదు, కళాసీ నావికుడు కాదు" అని కూడా వాళ్ల వకీలు అనవచ్చు. జనరల్ క్లాజెస్ చట్టంలో ఓడ అంటే కేవలం తెడ్లతోనే నడిచేది కాకుండా జలయానానికి వాడే ప్రతి నౌకా అని ఉంది. ఇంజను బోటు అందులోకి వస్తుంది. ఇంకో సంగతి, బోటు మీదే ప్రమాదం జరిగితే నావికుడు విడిగా నోటీసు ఇవ్వాల్సిన అవసరం లేదని 15వ సెక్షన్ చెబుతోంది. అయినా ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపిద్దాం. జవాబు రాస్తే అతని రాతే మనకు పనికొస్తుంది.

తండేలు పెట్టుకున్నాడన్న మాటకు 12వ సెక్షన్ ఉంది. తన వ్యాపారం పనిని మధ్యవర్తి ద్వారా చేయించుకున్నా అసలు యజమాని పరిహారం కట్టాల్సిందే. తర్వాత ఆ మధ్యవర్తి దగ్గర వసూలు చేసుకుంటాడో లేదో వాళ్లిద్దరి గొడవ.

లెక్క చూద్దాం. ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం నష్టం అని చట్టం మొదటి షెడ్యూల్‌లోనే రాసి ఉంది. జీతం 14,000లో 60 శాతం 8,400. ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలోని పట్టికలో ఉన్న గుణకం 207.98. హెచ్చిస్తే 17,47,032. అందులో 20 శాతం అంటే 3,49,406 రూపాయలు. ప్రమాదం జరిగిన నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఎగ్గొడితే సగం వరకు అదనపు జరిమానా. ఆసుపత్రి ఖర్చు అసలు విడిగా ఇవ్వాలి. మీకు ఇచ్చిన 40 వేలు వైద్యానికి ఇచ్చినవైతే పరిహారంలోంచి కోయడానికి వీల్లేదు.

ఇంతకంటే ఎక్కువ అడగవచ్చా అంటే, అడుగుతాను. ఎడమ చేయి మోచేతి పైన తీసేసిన ఒక వడ్రంగి విషయంలో, ఇక అతను వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూరు శాతమేనని సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో అంది. రెండు వేళ్లకు నూరు శాతం వస్తుందని మీకు ఆశ పెట్టను. కానీ పట్టు లేని కుడిచేత్తో తాడు లాగే పనికి ఎవరు పెట్టుకుంటారన్నది న్యాయంగా వేయగల ప్రశ్న. అందుకు మెడికల్ బోర్డు పరీక్ష, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) రెండూ ఉండాలి.

ఆ గుజరాతీ కాగితానికి భయపడకండి. హక్కులు వదులుకుంటూ రాసిన ఒప్పందం 17వ సెక్షన్ కింద చెల్లదు. ఇంత మొత్తానికి రాజీపడ్డాం అనుకుంటే దాన్ని కమిషనరు దగ్గర నమోదు చేయించాలి, అది జరగలేదు. ఇంకేమైనా సంతకాలు అడిగితే మాత్రం పెట్టకండి, తెలుగులో రాసినా సరే.

పోలీసు కేసు సంగతి మీరు అడగలేదు, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి నేనే చెబుతున్నా. యంత్రం విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 289, తీవ్రగాయానికి 125 ఉన్నాయి. జీరో ఎఫ్ఐఆర్ (ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా పెట్టే కేసు) ఇక్కడే పెట్టవచ్చు. నా అభిప్రాయం ఏమిటంటే ఇప్పుడే వద్దు. తాడు పాడైందని ముందే చెప్పిన మాటకు సాక్షి తండేలే. పోలీసులు రాగానే మొదట బెదిరిపోయేదీ అతనే. ఊరివాడు ఎదురు తిరిగితే మనకే నష్టం.

మత్స్యసంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. శాశ్వత పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రికి 25 వేల వరకు. వేళ్లు పోవడం అందులోకి వస్తుందో రాదో పాలసీ మాటలు చూశాకే లెక్కేసుకోండి. మీ ఆయన పేరు నమోదై ఉందేమో గ్రామ మత్స్య సహాయకుణ్ణి అడగండి. అది వచ్చినా యజమాని బాధ్యత తగ్గదు.

దరఖాస్తుకు రెండేళ్లు గడువు. అంతదాకా ఆగకండి. ఫీజు ఇబ్బంది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు 15100 నంబరులో ఫోన్ చేయండి. జీతం ఫోన్ పేలో వచ్చిన స్క్రీన్ షాట్లు, వెరావల్ ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, రైలు టికెట్లు, ఆధార్ పట్టుకుని రండి. బోటు వేటకు వెళ్లే ముందు అక్కడ మత్స్యశాఖ ఇచ్చే టోకెన్‌లో కళాసీల పేర్లుంటాయి, దాని ఫొటో తండేలు ఫోన్‌లో ఉండొచ్చు.

ఇంకొక్కటి, ఇది ఇవాళే చేయండి. పాత తాడు మార్చేసి ఉంటే అది రేవు గట్టున ఎక్కడో చుట్టగా పడి ఉంటుంది, తుక్కువాడు ఎత్తుకుపోయేలోపు ఫొటో తీయించండి. తాడు, డ్రమ్ము, జీజే 32 ఉన్న బోటు నంబరు, మూడూ ఒకే ఫొటోలో పడేలా తీయమనండి. వీలైతే జానెడు ముక్క కోసి దాచమనండి.