కథలకు బొమ్మలు వేసేవాళ్లకు ఒకే స్టైల్ ఉండాలా? ఆల్ పార్కర్‌ని చూడండి

పత్రికల్లో కథలకు బొమ్మలు వేయాలంటే ముందు సొంత స్టైల్ ఒకటి ఖాయం చేసుకోవాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదనే నా అభిప్రాయం. నేను ఒక వారపత్రికకు వేసే రోజుల్లో ఎడిటర్ గారు "ఒక్కోసారి ఒక్కోలా వేస్తే పాఠకులు మిమ్మల్ని ఎలా గుర్తుపడతారండీ" అనేవారు. చాలా టెన్షన్ పడేవాణ్ణి. ఆ టెన్షన్ పోగొట్టింది అమెరికన్ చిత్రకారుడు ఆల్ పార్కర్.

ఆయన 1906లో సెయింట్ లూయిస్‌లో పుట్టారు. మిసిసిపీ నది పడవల్లో శాక్సొఫోన్ వాయిస్తూ చదువుకున్నారు. 1930లలో న్యూయార్క్ వెళ్లి, 1939 నుంచి 1952 దాకా లేడీస్ హోమ్ జర్నల్ అనే మహిళల పత్రిక ముఖచిత్రాల మీద ఒకే రకం బట్టల్లో తల్లీకూతుళ్లను వేశారు. వాటిని చూసి అక్కడి ఇళ్లలో తల్లీకూతుళ్లు జతగా బట్టలు కుట్టుకోవడం ఫ్యాషనైపోయింది.

అంత పేరొచ్చాక కూడా ఆయన ఒక పద్ధతికి అతుక్కుపోలేదు. మిగతావాళ్లు తనలా వేయడం మొదలుపెట్టేసరికి ఇంకో దారి పట్టేవారు. ఓసారి గోవాష్ (చిక్కగా, కింది పొర కనిపించకుండా పరుచుకునే నీటిరంగులు), ఓసారి సిరా, ఓసారి కొలాజ్ (కాగితం ముక్కలు అతికించి చేసే బొమ్మ). 1954 సెప్టెంబర్ కాస్మొపాలిటన్ పత్రికలోనైతే కథకో మారుపేరు, కథకో శైలితో అన్ని కథలకూ తానే వేశారు! ఆ ధైర్యం చూస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మరి ఆయన ముద్ర ఎక్కడుంది? పేజీని వాడుకునే తీరులో. ఆయన వేసిన ప్రేమకథల బొమ్మల్లో అమ్మాయి ముఖం ఒక మూలకు పెద్దగా వస్తుంది, అబ్బాయి బొమ్మ పేజీ అంచు దగ్గర సగానికి తెగిపోతుంది, మధ్యలో బోలెడంత తెలుపు. గదిలో సామానంతా వేయరు. కథకు కావలసిన వస్తువు ఒకటో రెండో, అంతే. బొమ్మను తలకిందులుగా పెట్టి చూడండి. ముఖాలు పక్కకు పోయి ఆకారాలే మిగులుతాయి. ఆయన అమరిక బలం అప్పుడు తెలుస్తుంది. నేను నా స్కెచ్‌లు కూడా ఇప్పుడు అలాగే తిప్పి చూసుకుంటాను.

కాబట్టి గీత ఎలా ఉండాలన్న బెంగ పక్కన పెట్టండి. ఒకే కథ తీసుకుని, అగ్గిపెట్టెంత సైజులో నాలుగైదు రకాలుగా అమర్చి చూడండి. ఎక్కడ ఖాళీ వదలాలో తేలాకే కుంచె పట్టండి.