తొమ్మిది మంది ఉన్న కంపెనీలో మూడున్నరేళ్లు పనిచేశాను

"బీకాం అయింది. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ట్రైనీగా పిలుపొచ్చింది, ఊళ్లోనే ఒక చిన్న కంపెనీ కూడా రమ్మంటోంది. ఎటు వెళ్లాలి?" అని అడిగారు. మీకేది మంచిదో నేను చెప్పలేను గానీ, చిన్నదాంట్లో చేరితే ఎలా ఉంటుందో చెప్పగలను. 2021 చివర్లో చేరి 2025 వేసవి దాకా గుంటూరులో ఒక కారం పొడి కంపెనీలో పనిచేశాను. యజమానితో కలిపి తొమ్మిది మందిమి. తొడిమలు తీయడానికి వచ్చే ఆడకూలీలు ఆ లెక్కలో లేరు. ఎందుకు లేరన్నది కింద చెప్తాను.

నన్ను తీసుకుంది లెక్కలు రాయడానికి. వారం తిరిగేసరికి జీఎస్టీ రిటర్నులు, గోతాల లెక్క, లారీ పిలిపించడం, మర ఆగిపోతే మెకానిక్ కోసం పరుగెత్తడం అన్నీ నావే. మూడో నెలలో, అంటే సరిగ్గా మిర్చి సీజన్లో, మా సారుకి జ్వరమొచ్చింది. మిర్చి యార్డుకి నన్ను పంపారు. కమీషన్ కొట్టు దగ్గర సరుకు ఎర్రగా నిగనిగలాడుతుంటే ముచ్చటపడి 30 టిక్కీలు (మిర్చి బస్తాలు) తేజ రకం కొనేశాను. మర్నాడు సారొచ్చి ఒక టిక్కీ మధ్యలోకి చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, నా చెవి దగ్గర ఆడించారు. "విను అబ్బాయ్. గింజ పలుకుతోందా?" పలకలేదు. పైన ఉన్న కాయలు ఆడిస్తే గలగలమన్నాయి. లోపలంతా నెమ్ము.

నెమ్ముతో మర పట్టిస్తే పొడి గడ్డ కడుతుంది, నిల్వ పెడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అందుకని నాలుగు రోజులు ఎండబోయించారు. తిరిగి తూస్తే 1,260 కిలోలకి 70 కిలోలు తగ్గింది. కిలో 170 లెక్కన దాదాపు 12 వేలు. అప్పట్లో నా నెల జీతం కూడా 12 వేలే. ఆయన ఒక్క మాట అనలేదు, ఆ మొత్తాన్ని తరుగు పద్దులో నా చేతే రాయించారు. పెద్ద కంపెనీలో అయితే ఈ పొరపాటు ఏదో రిపోర్టులో ఒక అంకెగా కలిసిపోయేది. ఇక్కడ నాలుగు రోజులు రోజూ పొద్దున్నే ఆ కాయల్ని నేనే తిరగబోయాల్సి వచ్చింది.

అసలు చదువు మాత్రం వసూళ్ల దగ్గర మొదలైంది. విజయవాడ హోటళ్లు, గొల్లపూడి హోల్‌సేల్ కొట్లు, వేసవిలో పచ్చళ్లు పట్టేవాళ్లు మా ఖాతాదారులు. వేసవిలో సరుకు పట్టుకెళ్లిన పచ్చళ్లవాళ్లు దసరాకి డబ్బిస్తారు. మంగళ, శుక్రవారాలు వెళ్తే చాలామంది గల్లా తెరవరు, లక్ష్మిని బయటికి పంపకూడదని. సాయంత్రం దీపాలు పెట్టాక అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఇవన్నీ తెలిసేదాకా ఊరికే బస్సు చార్జీలు తగలేశాను. సోమవారం పదింటికి హోటల్‌కి వెళ్తే ఆదివారం గల్లా ఇంకా అక్కడే ఉంటుంది, అది నేను కనిపెట్టిన కిటుకు.

మాలాంటి చిన్న తయారీదారులకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నుంచే చట్టం ఉంది. గడువు దాటితే ఆ కొనుగోలు ఖర్చును కట్టేదాకా ఆదాయపు పన్నులో చూపించుకోకూడదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన కూడా వచ్చింది. చట్టం మా వైపే. కానీ ఆ మాటెత్తితే తర్వాతి ఆర్డరు పక్క మరకు పోతుంది. నేను ఒకే ఒక్కసారి ఎత్తాను. పోయింది.

కారం వ్యాపారంలో డబ్బంతా మూడు నెలల్లో పోతుంది, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వస్తుంది. సీజన్లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దానిమీద బ్యాంకు లోను తీసుకుంటారు. 2024లో క్వింటా 18 వేల పైన పెట్టి కొన్నాం, అందులో సగం అమ్ముడుపోలేదు. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర ఖరారు చేసి జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. సరుకు విలువ తగ్గిందంటే బ్యాంకు ఊరుకోదు, తేడా తెచ్చి కట్టమంటుంది. పుస్తకాల్లో ముందు ఏడాది లాభం చక్కగా కనబడుతోంది, ఖాతాలో మాత్రం జీతాలకు సరిపడా లేదు.

మార్చి జీతం ఏప్రిల్ 22న పడింది. ఆ తర్వాతి నెలది రెండు ముక్కలుగా ఇచ్చారు. ఆలస్యానికి నాకు కోపం రాలేదు, ఆయన ఇంట్లో బంగారం కుదువకి వెళ్లిందని నాకు తెలుసు. కోపం ఎక్కడొచ్చిందంటే, ఆయన ఎవరికీ చెప్పలేదు. మర దగ్గర పనిచేసే కుర్రాడు రోజూ నా బల్ల దగ్గరికొచ్చి "అన్నా, రేపు పడిద్దా?" అనేవాడు. పడదని నాకు తెలుసు. "చూద్దాంలే" అనేవాణ్ణి. ఆ రెండు నెలలు అతని కళ్లలోకి చూడలేకపోయాను. లెక్కల మనిషిగా చేరితే ఇది మీకూ తప్పదు.

ఇక తొమ్మిది మంది సంగతి. పది మందికి చేరితే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), ఇరవైకి చేరితే పీఎఫ్ కట్టాలి. మేం మూడున్నరేళ్లూ తొమ్మిది మందిమే. అది కాకతాళీయం కాదు, కూలీల పేర్లు పుస్తకంలో లేకపోవడమూ అంతే. నాకు డెంగీ వచ్చినప్పుడు 34 వేల బిల్లు నేనే కట్టుకున్నాను. తప్పని తెలిసీ ఆ హాజరు పుస్తకం రాసింది కూడా నేనే.

ఇంత చెప్పినా, నేను ఆ కంపెనీలో చేరినందుకు బాధపడటం లేదు. మీరైతే ఇంటర్వ్యూలో యజమానిని ఏమీ అడక్కండి, ఎలాగూ బాగుందనే చెప్తారు. ఆ కంపెనీ గేటుకి దగ్గర్లో టీ కొట్టు ఉంటుంది. పదకొండింటికి అక్కడ కూర్చుంటే లోపలివాళ్లు వస్తారు. పోయిన నెల జీతం ఏ తారీఖున పడిందో, ఆలస్యమైతే ఆ మాట ముందుగా ఎవరు చెప్పారో అడగండి.