కేబుళ్లు అల్లుకుంటూ కూర్చుంటే బతుకుతాడా?

ప్రశ్న: మాది ఖమ్మం. చిన్న బట్టల కొట్టు ఉంది. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఏడాదిగా వాడి గదంతా రంగురంగుల తాళ్లు, వైర్లు, సోల్డరింగ్ సామానే. కంప్యూటర్ కీబోర్డులకి అల్లిక కేబుళ్లు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాడు. ఒక్కోటి 1300 రూపాయలట. "నెలకి పదకొండు వేలు వస్తున్నాయి, ఇంజినీరింగ్ ఎందుకు, దీన్నే పెద్దది చేస్తా" అంటున్నాడు. వాళ్లమ్మకి ఆ సోల్డరింగ్ పొగంటే భయం, నాకు చదువు గురించి టెన్షన్. కొట్టి మాన్పించే వయసు కాదు. వాడు రాసుకున్న లెక్కల కాగితం కూడా పంపుతున్నాను. ఇలా కేబుళ్లు అల్లుకుంటూ కూర్చుంటే బతుకుతాడా?

జవాబు: నమస్కారమండీ. ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. మీరు కొట్టు నడిపే మనిషి, సాయంత్రం గల్లాపెట్టెలో ఉన్నదంతా మన డబ్బు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. మీవాడు చెప్పే పదకొండు వేలు గల్లా లెక్క. నెలకి 9 కేబుళ్లు, ఒక్కోదానికి సామాను 550, కొరియర్ 80 అని తనే రాశాడు. అవి తీసేస్తే మిగిలేది 6030. అందులో ఒకటి తిరిగొచ్చింది, కొత్తది చేసి పంపాడు. అంటే ఇంకో 630 పోయి 5400. ఒక్కో కేబుల్‌కి రెండున్నర గంటల చొప్పున, మళ్లీ చేసినదాంతో కలిపి 25 గంటలు. గంటకి రెండు వందల పైచిలుకు.

నిజం చెప్పాలంటే, పదిహేడేళ్ల కుర్రాడికి ఇది చిన్న సంపాదనేం కాదు. వాణ్ణి తీసిపారేయకండి. అయితే ఆ కాగితంలో లేని ఖర్చు ఒకటుంది. "ఈ నీలం కాదు అన్నా, కొంచెం ముదురుది", "ఆ స్ప్రింగు చుట్ట ఇంకో అంగుళం పొడవుంటే బాగుంటుంది" అని రాత్రి పదకొండింటికి వచ్చే మెసేజ్‌లు. నలభై చీరలు విప్పించి "మళ్లీ వస్తాం" అని లేచిపోయే బేరం ఎలా ఉంటుందో మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఆ గంటలు కూడా కలిపి చూడమనండి.

ఇక "పెద్దది చేస్తా" అన్న మాట. నాకు దానిమీద అంత నమ్మకం లేదు. 2020 లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లో కూర్చున్నప్పుడు మెకానికల్ కీబోర్డుల (ప్రతి మీటకీ విడిగా స్విచ్ ఉండేవి) మోజు బాగా పెరిగింది, వాటితోపాటే ఈ కేబుళ్లూ. ఇప్పుడు ఆ కీబోర్డులే వైర్‌లెస్‌లో వస్తున్నాయి. చుట్టలు చుట్టిన కేబుళ్లు చైనా ఫ్యాక్టరీల్లో తయారై వస్తున్నాయి. పైగా ఇది సబ్బులాగా అరిగిపోయి మళ్లీ కొనే వస్తువు కాదు. ఒకసారి కొన్నవాడికి రెండోది అమ్మాలంటే వాడు కీబోర్డన్నా మార్చాలి, మనసన్నా మార్చుకోవాలి.

అంతమాత్రాన వాడి పని వృథా అని నేననను. అసలు వాడా గదిలో ఏం చేస్తున్నాడో మీరు ఒకసారి పక్కన కూర్చుని చూశారా? ఆ రంగురంగుల తాళ్లని పారాకార్డ్ అంటారు, పారాషూట్లకి వాడిన నైలాన్ తాడు. దాని లోపలి పోగులన్నీ లాగేస్తే బోలు గొట్టంలాంటి తొడుగు మిగులుతుంది. అందులోంచి నాలుగు పోగుల వైరు దూర్చాలి. లంగాకి పిన్నీసుతో బొందు ఎక్కించినట్టే, కాకపోతే రెండు మీటర్ల పొడవునా ఎక్కడా ముడత పడకుండా. తర్వాత ఒక కడ్డీకి బిగుతుగా చుట్టి, హీట్ గన్‌తో వేడిచేసి, పూర్తిగా చల్లారాక తీసి, వ్యతిరేక దిశలో తిప్పుతూ మళ్లీ చుట్టాలి. స్ప్రింగులాంటి బిగువు అప్పుడే వస్తుంది. వేడి కాస్త ఎక్కువైతే నైలాన్ కరిగి మెరుపు తేలుతుంది, ఆ ముక్క చెత్తబుట్టకే. ఇదంతా ఓపిక. పరీక్ష హాల్లో పనికొచ్చే ఓపికే, మనకి కనపడే చోట లేదు, అంతే.

కానీ అల్లిక కళ్లకి కనపడే భాగం. పని ఉన్నది లోపల. పోయినేడాది మా మేనల్లుడు ఎవరి దగ్గరో ఇలాంటి కేబులే కొన్నాడు. గులాబీ, తెలుపు కలిపిన అల్లిక, మధ్యలో మెరిసే ఏవియేటర్ కనెక్టర్ (కేబుల్‌ని రెండుగా విడదీసే మర జాయింటు), చూడటానికి నగలా ఉంది. కీబోర్డు మాత్రం రోజుకి నాలుగుసార్లు ఆగిపోయేది. ఆ కనెక్టర్ మరలు తిప్పి విప్పితే లోపల తెల్ల వైరు రెండే రెండు వెంట్రుకవాసి పోగులమీద వేలాడుతోంది. వైరుని అతికించే సోల్డర్ బూడిదరంగులో, గుండ్రటి ఉండలా పైన కూర్చుంది గానీ పిన్నుని పట్టుకోలేదు. అతుకుమీద వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు వేయనే లేదు. పైన పటారం, లోన లొటారం.

మీవాడి దగ్గరికి తిరిగొచ్చిన ఆ ఒక్క కేబుల్ ఏమైందో అడగండి. పారేశాడా, కోసి చూశాడా? నా లెక్కలో వాడి భవిష్యత్తు గురించి అమ్ముడైన ఎనిమిదీ చెప్పనిది ఆ ఒక్కటీ చెబుతుంది. కోసి చూసి, ఎక్కడ తెగిందో ఒక నోట్‌బుక్కులో రాసుకునే పిల్లవాడైతే ఇంజినీరింగ్ వాడికి బరువు కాదు. పారేసి కొత్తది పంపేసే రకమైతే, వాడికి నచ్చింది రంగులూ ఫొటోలూ. అప్పుడు డిజైన్, మార్కెటింగ్ వైపు ఆలోచించవచ్చు. అదీ తప్పేం కాదు, దారి వేరంతే.

ఇంకో విషయం వాడికి తెలుసో లేదో కనుక్కోండి. యూఎస్‌బీలో ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు, ఆకుపచ్చ డేటా. ఒకవైపు పాత వెడల్పాటి టైప్-ఏ ప్లగ్గు, రెండోవైపు టైప్-సి పెట్టి చేసే కేబుల్లో, ఆ టైప్-సి ప్లగ్గు లోపల, ఎంత కరెంటు దొరుకుతుందో పరికరానికి చెప్పే 56 కిలో ఓముల రెసిస్టర్ ఉండాలి. దాని బదులు 10 కిలో ఓములది పడితే, ఆ కేబుల్‌కి తగిలించిన పరికరం "ఇక్కడ 3 ఆంపియర్లు దొరుకుతాయి" అనుకుని అంతా లాగబోతుంది. కీబోర్డు అంత లాగదు. కానీ కొన్నవాడు రేపు అదే కేబుల్‌తో ఫోన్ ఛార్జింగ్ పెట్టడని ఎవరు చెప్పగలరు? గూగుల్‌లో ఇంజినీరుగా ఉన్న బెన్సన్ ల్యూంగ్ 2015లో అమెజాన్‌లో దొరికే టైప్-సి కేబుళ్లు ఒక్కొక్కటే కొని పరీక్షించడం మొదలుపెట్టాడు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే కాల్చేసింది. అందులో రెసిస్టర్ తప్పే కాదు, కరెంటు, గ్రౌండ్ వైర్లు కూడా అటుదిటు, ఇటుదటు అయ్యాయి. మరుసటి నెలలో అమెజాన్ ప్రమాణాలకి సరిపడని టైప్-సి కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. మీవాడు అమ్మే ప్రతి కేబులూ ఇంకొకరి యాభైవేల కంప్యూటర్‌కి తగులుతుంది. పంపేముందు మల్టీమీటర్ (వైరు తెగకుండా ఉంటే బీప్ కొట్టే మీటరు) పెట్టి, కేబుల్‌ని వంచుతూ లాగుతూ బీప్ ఆగుతుందేమో చూస్తున్నాడా?

చూస్తున్నాడంటే, వాడికి తెలియకుండానే ఒక పెద్ద పరిశ్రమ గుమ్మంలో నిలబడ్డాడు. కార్లలో, విమానాల్లో, ఆస్పత్రి యంత్రాల్లో వైర్ల కట్టలుంటాయి, వాటిని వైర్ హార్నెస్ అంటారు. చాలాభాగం ఇప్పటికీ మనిషి చేత్తోనే కడతారు. బెంగళూరులోని రోసెల్ టెక్‌సిస్ లాంటి సంస్థలు బోయింగ్‌కి ఇవే చేసి పంపుతున్నాయి. ఈ పనికి ప్రపంచమంతా చూసే ప్రమాణం ఐపీసీ ఏ-620. సోల్డర్ ఎంత ఎక్కాలి, పోగులు ఎన్ని తెగితే పనికిరాదు అన్నవన్నీ బొమ్మలతో సహా ఉంటాయి. దానిమీద సర్టిఫికెట్ కోర్సులున్నాయి. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాసి నిలుపుకోవాలి.

అందుకని నా సలహా బీటెక్ ఈసీఈ. అది కుదరకపోతే ట్రిపుల్ ఈ. స్నేహితులంతా కంప్యూటర్ సైన్స్ వైపు పరుగెత్తుతుంటారు గనుక వీడికి అలా వెళ్లమని ఒత్తిడి వస్తుంది, మీరు తోడవకండి. ర్యాంకు సరిగ్గా రాలేదనుకుందాం. పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ కూడా రెండేళ్లదుంది. ఎంపీసీ చదివినవాణ్ణి అటు పంపడం నాకు పెద్దగా ఇష్టం లేదు గానీ, చేతిపనిమీదే మనసున్నవాడికి అది చిన్నతనమేం కాదు.

ఇప్పటికిప్పుడు మాన్పించకండి. మాన్పిస్తే తలుపేసుకుని చేస్తాడు. సంక్రాంతి దాటాక కొత్త ఆర్డర్లు తీసుకోవద్దనండి. ఎప్‌సెట్ (మన నోటికింకా ఎంసెట్టే) అయిన మర్నాడు మళ్లీ తెరుచుకోవచ్చని మాటివ్వండి, ఇచ్చిన మాట మీద నిలబడండి. సెలవుల్లో ఒక రోజు హైదరాబాద్ తీసుకెళ్లి కోఠి గుజరాతీ గల్లీలో తిప్పండి. అక్కడి కొట్లలో కనెక్టర్ల రకాలు, ధరలు చూస్తే వాడి 550 సామాను ఖర్చు ఎక్కడ తగ్గుతుందో తెలుస్తుంది. బేరం మీరే నేర్పాలి.

జీఎస్టీ మాట మీకు కొత్త కాదు గానీ ఒకటి గుర్తుచేస్తాను. తెలంగాణలో సరుకు అమ్మకానికి ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది రాష్ట్రం లోపల అమ్మినప్పుడే. బెంగళూరుకో పుణెకో పంపితే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ కావాలి. వాడికి పద్దెనిమిది నిండేదాకా బయటి రాష్ట్రాల ఆర్డర్లు వద్దనడం తేలిక. ఆ తర్వాత మీ ఆడిటర్‌తో కూర్చోబెట్టండి.

చివరగా వాళ్లమ్మగారి భయం. అది ఉత్త భయం కాదు. ఆ పొగ సోల్డర్‌లోని రెసిన్ కాలి వచ్చేది. రోజూ పీలిస్తే ఉబ్బసం రావచ్చు, ఉన్నది ముదరవచ్చు. కిటికీ పక్కకి బల్ల జరపండి, పొగని బయటికి లాగేలా చిన్న ఫ్యానొకటి పెట్టండి. మామూలుగా దొరికే సోల్డర్ తీగలో సీసం ఉంటుంది. అది చేతికంటుకుని నోట్లోకి పోవడమే ప్రమాదం. బల్లమీద టిఫిన్ ప్లేటు పెట్టనివ్వకండి. పని ముగించి లేవగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం దగ్గరికి రానివ్వమనండి.