మిల్లులో వేలు పోయింది, సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. రైస్ మిల్లులో నెలకు 12 వేల జీతం. ఎలివేటర్ (ధాన్యాన్ని పైకెత్తే బకెట్ల బెల్టు) జామ్ అయితే ధాన్యం తీస్తుండగా కుడి చూపుడు వేలు మొదలంటా తెగిపోయింది. యజమాని ఆసుపత్రి బిల్లు కట్టారు. ఇంకో 20 వేలు ఇస్తాం, ఇక బాకీ లేదని సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు మండలం

జవాబు: పెట్టనివ్వకండి. చట్టం ప్రకారం పరిహారం లెక్క ఇలా: జీతంలో 60 శాతం, అంటే 7,200ను 19 ఏళ్ల వయసుకున్న గుణకం 225.22తో హెచ్చిస్తే 16,21,584 వస్తుంది. చూపుడు వేలు మొత్తం పోతే అందులో 14 శాతం, అంటే సుమారు 2,27,000 రూపాయలు రావాలి. రెండు కణుపులే పోతే 11 శాతం, ఒక్కటైతే 9. అందుకే ఎంతవరకు పోయిందో డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా రాయించండి. 1923 నాటి పరిహార చట్టంలోని ఈ లెక్కనే 2020 సామాజిక భద్రత కోడ్ కూడా కొనసాగించింది. వయసు తగ్గేకొద్దీ గుణకం పెరుగుతుంది కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్ జాగ్రత్త. ఆసుపత్రి ఖర్చును పరిహారంలో కోయకూడదు.

జీతంలో ఈఎస్ఐ కోస్తుంటే మాత్రం పరిహారం యజమాని నుంచి కాదు, ఈఎస్ఐ నుంచే వస్తుంది. లేకపోతే జీతం రుజువు, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయండి.

"కుర్రాడి అజాగ్రత్త" అని వాదిస్తారు. అజాగ్రత్త వల్ల పరిహారం పోదు. మత్తులో ఉన్నాడనో, భద్రత ఆదేశాన్ని కావాలని ధిక్కరించాడనో, యంత్రానికి ఉన్న రక్షణ జాలీని, మూతను తనే కావాలని తీసేశాడనో అంటేనే చిక్కు. కాబట్టి బెల్టుకు జాలీ, బూట్‌కు (ఎలివేటర్ అడుగు పెట్టెకు) మూత ముందునుంచీ లేకపోతే తోటి పనివాళ్ల చేత ఇవాళే ఫోటో తీయించండి. ప్రమాదం అయ్యాక జాలీ బిగించేసే మిల్లులు చాలానే ఉన్నాయి.

ఆ మిల్లులో మిగిలిన కుర్రాళ్లకూ ఒక మాట చెప్పండి. సార్వా ధాన్యం తడిగా వస్తే ఎలివేటర్ అడుగున కూరుకుపోతుంది. స్విచ్ ఆపగానే చేయి పెడితే ప్రమాదమే. ధాన్యం నిండిన బకెట్ల బరువుకు బెల్టు వెనక్కి తిరుగుతుంది, ముంజేతిని కూడా లాగేయగలదు. మెయిన్ ఆపి, ఫ్యూజ్ పీకి జేబులో వేసుకోవాలి. బెల్టు పూర్తిగా నిలిచాకే మూత తీయాలి. ధాన్యం లాగడానికి పొడవాటి ఇనుప కొక్కెం వాడాలి, చేయి పెట్టకూడదు. మెడలో తువ్వాలు ఉండకూడదు. చేరి వారం కాని కుర్రాణ్ణి ఈ పనికి ఒంటరిగా పంపితే ఆ తప్పు మేస్త్రీదే.