కుక్కకు ఎముక పెట్టొచ్చా? ముందు గోటితో నొక్కి చూడండి

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడేళ్లు, బరువు 28 కిలోలు. ఇంట్లో చికెన్, మటన్ వండినప్పుడు మిగిలిన ఎముకలు దానికి వేయడం అలవాటు. పోయిన వారం రెండు రోజుల పాటు విరేచనానికి బాగా ముక్కింది. సుద్దముక్కల్లా తెల్లగా, గట్టిగా వచ్చింది. చివర్లో కాస్త రక్తం కూడా కనిపించింది. ఇప్పుడు మామూలుగానే తిని తిరుగుతోంది. ఎముకలు మానేస్తే క్యాల్షియం తగ్గుతుందని, పళ్లు గార పడతాయని ఇంట్లో అంటున్నారు. వాటికి బదులు రాహైడ్ (ఎండబెట్టిన పశువుల తోలు), జింక కొమ్ము, మూలుగ ఎముక లాంటివి కొనొచ్చా? ఏది సురక్షితం?

జవాబు: మీరు చూసిన ఆ సుద్ద ఎముక పొడే. కడుపులోని ఆమ్లం ఎముకను కొంతవరకే కరిగిస్తుంది. మిగిలిన నలుసులు పెద్దపేగులోకి చేరాక నీరంతా ఇంకిపోయి సిమెంటు ముద్దలా గట్టిపడతాయి. బయటికి వచ్చేటప్పుడు మలద్వారాన్ని గీరుతాయి కాబట్టే ఆ రక్తం. ఈసారి దానంతటదే బయటపడింది. ముద్ద లోపలే బిగుసుకుపోతే మత్తిచ్చి ఎనిమాతో తీయాల్సి వచ్చేది. వండిన ఎముకలు ఈ రోజుతో ఆపేయండి. కోడిదైనా మేకదైనా, ఉడికించినా కాల్చినా తేడా లేదు.

పచ్చి ఎముకకు కాస్త సాగే గుణం ఇచ్చేది కొల్లాజెన్. వేడికి అది దెబ్బతిని, తేమ కూడా పోయాక మిగిలేది పెళుసు ఖనిజం. అది నలగదు, సూదిమొనల్లా చీలుతుంది. కోడి కాలి ఎముక పలుచని గొట్టం కాబట్టి మరీ ప్రమాదం. ‘ఇన్నాళ్లూ తింది, ఏమీ కాలేదు కదా’ అనే మాట తరచూ వినబడుతుంది. చాలాసార్లు ఏమీ కాని మాట నిజమే. కానీ ఏదైనా అయితే పేగుకు చిల్లు పడి కడుపంతా చీము పట్టే దాకా వెళుతుంది. ప్యాకెట్లలో అమ్మే పొగబెట్టిన, కాల్చిన ఎముకలూ ఈ కోవలోవే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు 2010 నవంబరు నుంచి 2017 సెప్టెంబరు వరకు వీటి మీద 68 ఫిర్యాదులు అందాయి. వాటి ప్రకారం జబ్బుపడిన కుక్కలు సుమారు 90, చనిపోయినవి 15.

క్యాల్షియం గురించి బెంగ అక్కర్లేదు. ‘సంపూర్ణ, సమతుల ఆహారం’ అని రాసి ఉన్న డాగ్ ఫుడ్ తినే కుక్కకు అందులోనే సరిపడా ఉంటుంది. ఇంటి వంట మీదే పెరిగే కుక్కకైతే ఎంత క్యాల్షియం కలపాలో మీ వెటర్నరీ డాక్టర్ లెక్కగట్టి చెబుతారు. ఎముక ముక్కలతో ఆ లెక్క కుదరదు. పెద్ద జాతుల కూనలకు క్యాల్షియం ఎక్కువైనా కాళ్ల ఎముకలు వంకర పోతాయి. కుక్కకు నమలడం కావాలి, ఎముకే కానక్కర్లేదు.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది ముందుగా గట్టిదనం. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. సొట్ట పడాలి. పడకపోతే వద్దు. ఇంకో పరీక్ష: దాంతో మీ మోకాలిచిప్ప మీద కొట్టుకోవాలంటే భయమేస్తుందా? అయితే మీ కుక్క పంటికీ అది గట్టిదే. జింక కొమ్ము, ఎద్దు గిట్ట, మూలుగ ఎముక, గట్టి నైలాన్ బొమ్మ ఈ పరీక్షలో తప్పుతాయి. వీటిని నమిలినప్పుడు ఎక్కువగా విరిగేది పైదవడలోని పెద్ద పన్ను, మూడు వేర్లున్న నాలుగో ముందరి దవడపన్ను. దాని బయటి పక్క పలకలా ఊడివచ్చి లోపలి నరం బయటపడుతుంది. చాలా కుక్కలు ఆ నొప్పిని బయటపెట్టవు, తిండీ మానవు. నెలల తర్వాత కంటి కింద వాపు వచ్చాక గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. అప్పటికి మిగిలే దారులు రెండే: రూట్ కెనాల్ చేయడం, లేదా పన్ను పీకేయడం. పెంపుడు కుక్క సంగతి సరే, అడవిలో ఎముకలు కొరికే తోడేళ్లకూ పళ్లు విరుగుతాయి.

మూలుగ ఎముకకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఉంగరంలా కోసిన ముక్క కింది దవడ మీదుగా జారి కోరపళ్ల వెనక ఇరుక్కుంటుంది. లాగితే రాదు, మత్తిచ్చి కోయాలి. లోపలి మూలుగంతా కొవ్వే కాబట్టి క్లోమం వాచి వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు. పచ్చి ఎముక అంతగా చీలకపోయినా సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులను మోసుకొస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అవి చావవు. ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉంటే దాని జోలికే వెళ్లొద్దు.

రాహైడ్ సంగతి వేరు. ఎండినప్పుడు గట్టిగా ఉన్నా తడిసి మెత్తబడుతుంది కాబట్టి పంటికి భయం తక్కువ. గండం మింగడంలో ఉంది. నానిన తోలును కుక్క పెద్ద ముక్కగా లాగి మింగేస్తే అది కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడుతుంది. లాబ్రడార్లు నమిలేది తక్కువ, మింగేది ఎక్కువ. మీ కుక్కకు రాహైడ్ వద్దనే నా మాట.

మరి ఏం పెట్టాలి? గోటికి సొట్ట పడే రబ్బరు బొమ్మలో తడిపిన డాగ్ ఫుడ్ కూరి, గడ్డకట్టించి ఇవ్వండి. అరగంట దాకా నాకుతూ కూర్చుంటుంది. పీనట్ బటర్ కూరితే డబ్బా మీద జైలిటాల్ లేదని చూసుకోండి. ఆ తీపి పదార్థం కిలో బరువుకు 0.1 గ్రాము చేరినా కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది. పళ్ల కోసమైతే వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర ఉన్న డెంటల్ చ్యూ తీసుకోండి. పాచి లేదా గార తగ్గిస్తాయని పరీక్షల్లో తేలినవాటికే ఆ సంస్థ ముద్ర ఇస్తుంది. ప్యాకెట్ మీద బరువును బట్టి సైజు రాసి ఉంటుంది, మీరు 28 కిలోలకు తగ్గదే ఎంచుకోవాలి. ఏ చ్యూ అయినా బ్రష్‌కు సాటి రాదు. కుక్కల పేస్టుతో రోజుకోసారి తోమడమే గారకు అసలు మందు.

బులీ స్టిక్ (ఎండబెట్టిన ఎద్దు జననాంగం) మీద చాలామందికి మోజు. మెత్తబడి అరుగుతుంది, నిజమే. కానీ అంగుళానికి 9 నుంచి 22 కేలరీల దాకా ఉంటాయి. మీ కుక్కకు రోజుకు సుమారు 1,300 కేలరీలు చాలు, చిరుతిళ్లకు అందులో పదో వంతు మించకూడదు, అంటే 130. ఆరంగుళాల స్టిక్ ఒక్కటే ఆ వాటా మొత్తం మింగేయొచ్చు. అది పెట్టిన రోజు అన్నం గిన్నెలో ఆ మేరకు తగ్గించండి.

నమిలి తినేది ఏదిచ్చినా మూతి పొడవు కన్నా పెద్దది ఇవ్వండి. పావుగంట, మీరు పక్కనుండగానే. ప్రమాదం చాలాసార్లు చివరి ముక్కతోనే వస్తుంది, అది మూతిలో పూర్తిగా పట్టేంత చిన్నదవగానే తీసేయాలి. చేత్తో లాక్కుంటే గుర్రుమంటుంది, మర్నాటి నుంచి గబగబా మింగేస్తుంది. దానికి ఇష్టమైన తిండి చూపించి, వదిలాక తీసుకోండి.

ఎప్పుడైనా ముక్క మింగేసిందనుకుంటే ఉప్పునీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ తాగించి కక్కించబోకండి. దిగేటప్పుడు గీరని మొన పైకి వచ్చేటప్పుడు గీరొచ్చు. చొంగ కారుస్తూ, మెడ చాచి మాటిమాటికీ గుటక వేస్తూ, తాగిన నీళ్లు కూడా వెనక్కి వచ్చేస్తుంటే ముక్క అన్నవాహికలో ఇరుక్కున్నట్టే. తెల్లారే దాకా ఆగకుండా ఆ గంటలోనే తీసుకెళ్లండి. ఆలస్యమైన కొద్దీ అన్నవాహిక గోడకు చిల్లు పడే అవకాశం పెరుగుతుంది. ఆగని వాంతులు, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, తారులాంటి నల్లటి విరేచనం కనిపించినా ఆ రోజే చూపించాలి. మీ కుక్కకు ముక్కడం మళ్లీ మొదలైతే ఇంట్లో భేదిమందు వేయొద్దు. డాక్టర్‌కు చూపించేటప్పుడు ఏం తిన్నదీ చెప్పి, ప్యాకెట్ ఉంటే వెంట పట్టుకెళ్లండి. ఎముక ఎక్స్‌రేలో కనబడుతుంది, రాహైడ్ చాలాసార్లు కనబడదు.