ఏడు వేల దగ్గర ఆగింది మీ కథ
మీ కారుకి బానెట్, రేడియేటర్, ఒక డోరు పోయినంత మాత్రాన ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్, అంటే బండి మొత్తం పోయినట్టే అనడమేంటని అడిగారు కదా అన్నా, తిరకాసంతా ఐడీవీలోనే, అంటే పాలసీలో బండికి రాసిన విలువలోనే ఉంది. మీ పాలసీలో అది 1,80,000, రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 1,35,000 దాటితే టోటల్ లాస్ కిందే లెక్క. మీ షెడ్డువాళ్ల ఎస్టిమేట్ 1,42,000, అంటే ఏడు వేలు ఎక్కువ. అందులో డోరు కొత్తది వేశారు చూడండి, సొట్ట తీసి పెయింట్ కొడితే సరిపోదా? నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని షెడ్డుకే పిలిచి, ఆ లైన్ చూపించి తగ్గించమనండి. ఒప్పుకోకపోతే బండి మీరే ఉంచుకుని, ఐడీవీలోంచి స్క్రాప్ విలువ మినహాయించి మిగతాది ఇవ్వమని అడగొచ్చు, కాకపోతే ఆ స్క్రాప్ రేటు ఎవరు కోట్ చేశారో కాగితం చూపించమనండి, మనకి దెబ్బ పడేది అక్కడే. బండి వదిలేస్తే మాత్రం ఆర్‌సీలో పేరు మారేదాకా వెంటపడండి, మా బాబాయికి అమ్మేసిన రెండేళ్లకి కూడా చలాన్లు వచ్చాయి.